నోరు కట్టుకున్న నెలలు

తగవు ఇడ్లీల దగ్గర వచ్చింది.

"రెండు చాలు," అంటూ రేణుకాదేవి టిఫిన్ బాక్సులోంచి రెండు ఇడ్లీలు తీసి మళ్ళీ గిన్నెలో పెట్టింది.

"నాలుగూ ఉండనీమ్మా," అంటూ కూతురు దుర్గ ఆ రెంటినీ తీసి తిరిగి బాక్సులో వేసింది.

"ఏందిమే అది? రక్తపరీక్షకు పోతా ఉండామా, తిరణాలకు పోతా ఉండామా?"

"పరగడుపున ఒకసారి తీస్తారంట, గ్లూకోజు తాగించి ఇంకోసారి తీస్తారంట. అంతసేపూ పస్తే గదా. అయినాక తినమన్నారు."

"తినమన్నారు సరే. నాలుగు తినమన్నారా?"

వసారాలో మంచం మీద కూర్చుని తమలపాకులకు ఈనెలు తీస్తున్న అత్త పద్మావతమ్మ నవ్వింది. "పొద్దున్నే ఇడ్లీల మీద పంచాయితీ ఏందే తల్లీకూతుళ్ళకి? నీ మాటా వద్దు, దాని మాటా వద్దు. మూడు పెట్టి మూత బిగించు, పోండి."

"జలదంకిలో అయితే ఇడ్లీలు లెక్కబెట్టేవాళ్ళు ఎవురూ లేరవ్వా," అంది దుర్గ. "మా అత్తకు ఎన్ని పెట్టిందో కూడా గుర్తుండదు."

"అయితే అక్కడే ఉండకపోయినావా," అనేసింది రేణుకాదేవి. అన్న తర్వాత ఆ మాట వంటింట్లో ఎటూ పోకుండా పొయ్యి మీది ఆవిరిలా కాసేపు అక్కడే ఆగింది. దుర్గ బాక్సులో మూడే పెట్టి, చట్నీ చిన్న డబ్బాలో పోసి, మూత బిగించింది.

దుర్గ ఒక్కతే కూతురు. ఆరు నెలలు నిండాయి. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి గనక పోయిన వారమే జలదంకి నుంచి ఆత్మకూరు తీసుకొచ్చారు. తెచ్చిన రోజు నుంచీ ఇంట్లో తగవులన్నీ ఇట్లాగే, అరచేతిలో పట్టేటంత చిన్నవి. నెయ్యి గరిటెడా అరగరిటెడా, మధ్యాహ్నం అన్నం రెండోసారి పెట్టుకోవడం దేనికి, సాయంత్రం శెనక్కాయలు ఎవరు వేయించమన్నారు. పరీక్షకు పంపింది జలదంకి దగ్గర చూపించుకుంటున్న డాక్టరే. షుగర్ అనుమానంగా ఉంది, మీ ఊళ్ళో ఒకసారి సరిగ్గా చూపించుకోండి అంది. ఆ మాట విన్నప్పుడు రేణుకాదేవికి మొదట కలిగింది భయం కాదు. నేను చెప్తానే ఉన్నానుగదా అన్న సంతృప్తి. ఆ సంతృప్తి తలుచుకుంటే ఇప్పుడు, ఈ నర్సింగ్ హోమ్ బెంచీ మీద, ఆమెకు చెవులు కాలుతున్నాయి.

ఇప్పుడు వెళ్ళి చెప్పవచ్చు. నీలం పరదా వెనకాలే ఉంది డాక్టరమ్మ గది. లేచి, పరదా తొలగించి, ఇందాక తప్పు చెప్పానమ్మా అంటే సరిపోతుంది. ఒక్క వాక్యం. అయినా ఆమె లేవడం లేదు. పక్కన దుర్గ, గ్లూకోజు తాగిన గ్లాసు ఇంకా చేతిలోనే పట్టుకుని, ముఖం వికారంగా పెట్టి కళ్ళు మూసుకుంది. ఎదురుగా దుత్తలూరు వైపు మనుషులు కాబోలు, ఒక ముసలమ్మ గుడ్డల మూటలాంటి పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకుని ఊపుతోంది. ఆ ఊపులో ఆ బిడ్డ పాదం ఒకటి బయటికొచ్చింది, తమలపాకంత పాదం. రేణుకాదేవి చూపు తిప్పుకుంది. తిప్పుకున్న చోట మళ్ళీ నీలం పరదానే.

అంత చిన్న ప్రశ్నకు అంత పెద్ద అబద్ధం ఎక్కడి నుంచి వచ్చింది? డాక్టరమ్మ చిన్న పిల్ల, దుర్గ ఈడుదే, జుట్టు వెనక్కి లాగి ముడేసుకుంది, రాస్తూ రాస్తూ తల ఎత్తకుండా అడిగింది. మీకు షుగర్ ఉందామ్మా? లేదు. ఈమె నాన్నగారికి? లేదు. ఈమె పుట్టినప్పుడు బరువెంత? అంతే. ఆ ప్రశ్న మామూలుగానే వచ్చి ఎదురుగా నిలబడింది, అంగట్లో గిరాకీకి వచ్చిన మనిషి పప్పు ధర అడిగినట్టు. "మూడు కిలోలు," అంది రేణుకాదేవి. ఆలోచించి అనలేదు. నోరే అనేసింది. అప్పుడు దుర్గ నవ్వింది. "నాకెప్పుడూ చెప్పలేదే! చూసినారా డాక్టర్, నేను పుట్టడమే బొద్దుగా పుట్టినాను." తన మీద తనే వేసుకున్న జోకు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల అంతే, ఎవరైనా అనకముందే తన ఒళ్ళు గురించి తనే అనేస్తుంది. అట్లా అంటే అవతలి వాళ్ళ మాట తక్కువ తగులుతుందని ఎక్కడ నేర్చుకుంది? ఎక్కడేమిటి, తన వంటింట్లోనే నేర్చుకుంది.

డాక్టరమ్మ కూడా నవ్వి, పెన్ను పక్కన పెట్టి చెప్పింది. "ఎందుకడిగానంటేనమ్మా, తల్లి కడుపులో తిండి చాలని బిడ్డ బయట కూడా కరువే ఉంటుందనుకుని తయారవుతుంది. దొరికిందంతా దాచుకోవాలని దాని ఒంటికి అలవాటవుతుంది. జీన్స్ మారవు. వాటి మీద గుర్తుల్లాంటివి పడతాయి, ఏది ఎంత పనిచేయాలో చెప్పేవి. తర్వాత బయట తిండి బాగా దొరికితే ఆ ఒళ్ళు తట్టుకోలేదు. షుగర్ తొందరగా రావచ్చు. ఆకలి కూడా మనకన్నా ఎక్కువ ఉండొచ్చు. అందరికీ అట్లా కాదు, అదొక్కటే కారణమూ కాదు. సరే, మీ అమ్మాయిది మూడు కిలోలంటే మంచి బరువు. మనకు ఆ గొడవ లేదు. ఇక తిండి అలవాట్లే చూసుకోవాలి." తిండి అలవాట్లే. ఆ మాటకు దుర్గ తల దించుకుంది. నవ్వు ఇంకా పెదాల మీద ఉండగానే తల మాత్రం దిగిపోయింది. బడిలో టీచరు అందరి ముందూ లేపి నిలబెట్టిన పిల్లలా. పక్కనే తల్లి, నీతిమంతురాలిలా, పర్సు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

కిలోముప్పావు. దుర్గ పుట్టిన రోజు ఉదయగిరి ఆసుపత్రిలో నర్సు బిడ్డను గుడ్డలో ఊయలలా కట్టి కొక్కేనికి తగిలించి, ముల్లు ఆగేదాకా చూసి, కిలోముప్పావు అని గట్టిగా చెప్పింది, అవతల రాసుకునే ఆమెకు వినపడాలని. గదిలో అందరికీ వినపడింది. నాయన చెంచయ్య గుమ్మం దాటి బయటికి వెళ్ళి కొండ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎండకు ఆ కొండ ఆ రోజు కాల్చిన పెంకులా ఉంది. అమ్మ ఆదిశేషమ్మ బిడ్డను దూదిలో చుట్టి, దూది మీద పాత పంచె చుట్టి, తన రొమ్ములకు ఆనించుకుని రాత్రంతా కూర్చుంది, కోడి పొదిగినట్టు. బిడ్డ ఏడ్చే శక్తి కూడా లేక పిల్లికూనలా సన్నగా మూలిగింది. మర్నాడు ఆత్మకూరు బస్సులో పద్మావతమ్మ వచ్చింది, చూసింది, బుగ్గ మీద వేలుతో తాకింది. "పోనీలే, పిల్ల చిన్నదైనా కాన్పు సుళువుగా అయింది. అంతా మా కోడలు నోరు కట్టుకోబట్టే," అంది. అప్పుడు తనకు ఏమనిపించింది? నిజం చెప్పుకో రేణుకా, ఈ బెంచీ మీద నిన్నెవరూ చూడడం లేదు. సంతోషమేసింది. రక్తం కారుతూ, ఒళ్ళు తేలిపోతూ, పక్కన బిడ్డ దూదిలో వణుకుతూ ఉంటే, ఆ మెప్పుకు సంతోషమేసింది. డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసయినప్పటిలాంటి సంతోషం.

ఎవరూ తనను పస్తులు పెట్టలేదు. అదే అసలు సిగ్గు. పెట్టి ఉంటే ఎవరినైనా తిట్టుకునేది, ఆ తిట్టు ఇన్నేళ్ళూ ఎంత ఆసరాగా ఉండేది! ఆత్మకూరు ఇంటి వెనకాల గోడౌను, గోడౌను నిండా కందిపప్పు బస్తాలు, శెనగపప్పు బస్తాలు, తాటాకుల్లో చుట్టిన బెల్లం దిమ్మెలు. పెళ్ళయి ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పుడు మొగుడికి వరసకు పిన్ని అయ్యే ఆమె ఒకతె అందరూ వింటుండగా అంది: కొండ కింద చిన్న అంగడి పిల్లగదా, ఇన్ని బస్తాలు ఒక్కచోట చూసి ఉండదు. నవ్వుతూనే అంది. నాయనది ఉదయగిరిలో పొట్లాలు కట్టి అమ్మే అంగడి. బస్తాలు కొనడానికి ఆయన ఈ అంగడికే వచ్చేవాడు, ఈ గడప ముందే నిలబడేవాడు. ఆ రోజు మధ్యాహ్నం పద్మావతమ్మ రెండోసారి అన్నం పెట్టబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, చాలత్తా అంది. చాలలేదు. అయినా చాలంది. సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చినప్పుడు పద్మావతమ్మ అంది, మా కోడలు పిట్ట తిన్నట్టు తింటాది, చదువుకున్న పిల్లగదా, నాజూకు. ఆ మాటతో అయిపోయింది. ఇక ఆ పిట్టను మోయాల్సి వచ్చింది. నెల తప్పాక మోసింది, నాలుగో నెలలో మోసింది, ఒంట్లో ఆకలి ఒక మనిషిలా లేచి తిరుగుతున్న ఏడో నెలలో కూడా మోసింది. శనివారాలు పెంచలకోన స్వామికి ఒక్కపొద్దులు ఉంది. కడుపుతో ఉండి ఒక్కపొద్దులెందుకే అని అత్త వద్దంది. నాకేం కాదత్తా అని తనే పట్టుబట్టింది. మంచి కోడలు. మంచి కోడలికి ఆకలి ఉండదు.

గ్లూకోజు నీళ్ళ వాసన, నిమ్మకాయ కలిపినా పోని ఆ తియ్యటి వాసన, దుర్గ ఊపిరిలోంచి వచ్చి తగులుతోంది. ఆ వాసనకు గోడౌనులో ఒక మధ్యాహ్నం మొత్తం లేచి వచ్చింది. అందరూ నిద్రపోతున్నారు. తాను నాలుగు అడుగులు వేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. తాటాకు చీల్చి బెల్లం గిల్లి నోట్లో పెట్టుకుంది. నాలుక కింద అది కరుగుతుంటే కడుపులో బిడ్డ కదిలింది, లోపలి నుంచి తలుపు తట్టినట్టు. అంతలో గుర్తొచ్చింది, అమ్మ చెప్పింది. అమ్మ చెల్లెలు బిడ్డ పెద్దదై బయటికి రాక చచ్చిపోయిందట, అందుకని అమ్మ నాయన చేత రాయించిన ప్రతి ఉత్తరంలోనూ, ఊరికొచ్చిన ప్రతిసారీ అదే మాట: కడుపు నిండా తినబాకమ్మా, బిడ్డ ఎదిగితే కాన్పు కష్టం. తాను బస్తాల వెనక్కి వెళ్ళి, బెల్లం అరచేతిలోకి ఉమ్మేసి, గోడకేసి తుడిచింది. చీమలు పట్టకుండా పైటకొంగు తడిపి మళ్ళీ తుడిచింది. ఎంత శుభ్రమైన మనిషి! అమ్మకు తెలియదు, చెల్లెలి శవాన్ని చూసిన భయంతో చెప్పింది. అమ్మ నిరక్షరాస్యురాలు. తాను? కావలిలో బీయస్సీ చదివింది. కడుపులో బిడ్డను పోషించే మాయ బొమ్మ గీసింది పరీక్షలో, రంగు పెన్సిళ్ళతో, తల్లి రక్తం ఎర్రగా, బిడ్డ రక్తం నీలంగా, బాణం గుర్తులు వేసి, ఆహారము, ప్రాణవాయువు అని రాసింది. మాస్టరు ఆ కాగితం క్లాసులో అందరికీ చూపించాడు. అదే మనిషి బెల్లం ఉమ్మేసింది. భయపడి ఉమ్మేసింది అనుకోవడానికి ఇప్పటిదాకా వీలుగా ఉండింది. భయం కాదు. ఎవరైనా వస్తే, కోడలు గోడౌనులో దొంగతనంగా తింటా ఉండాది అంటారని.

"అమ్మా, చూడు," అంది దుర్గ కళ్ళు తెరవకుండానే. తల్లి చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. "తీపి తగిలింది గదా, లోపల ఎట్టా ఎగరతా ఉండాడో." చీర కింద బిగుతుగా, వెచ్చగా ఉన్న ఆ గుండ్రని చోట ఒక చిన్న గడ్డ లేచి, జరిగి, అణిగింది. మడమ కావచ్చు. రేణుకాదేవి చెయ్యి వెనక్కి తీసుకోబోయి ఆగింది. తీసుకుంటే దుర్గ ఏమనుకుంటుంది? ఉంచితే ఆ చేతికి ఏమి హక్కు ఉంది? అదే పరీక్ష కాగితంలో ఇంకో ప్రశ్నకు జవాబు కూడా రాసింది తాను. ఆడపిల్ల తల్లి గర్భంలో ఉండగానే ఆమె అండాలన్నీ తయారై ఉంటాయి. ఒక్క వాక్యం, రెండు మార్కులు. ఇన్నాళ్ళూ అది మార్కుల వాక్యంగానే పడి ఉంది. ఇప్పుడది లేచి నిలబడింది. అంటే తాను బస్తాల వెనకాల బెల్లం ఉమ్మేసిన మధ్యాహ్నం దుర్గ ఒక్కతే లేదు లోపల. దుర్గలో, ఆవగింజలో వెయ్యోవంతుగా, ఇప్పుడు మడమతో తన అరచేతిని తన్నినవాడు కూడా ఉన్నాడు. ఇద్దరినీ కలిపి పస్తు పెట్టింది. ఇద్దరికీ కరువు ఉందని చెప్పింది. పప్పు బస్తాలు ఆనుకుని నిలబడి కరువని చెప్పింది.

ఆ కబురు దుర్గ ఒళ్ళు నమ్మింది. నమ్మదా మరి, తల్లి చెప్పిన మొదటి మాట. ఏడాది తిరిగేసరికి పిల్ల గుండ్రంగా అయింది, మూడేళ్ళకు ఎదురింటి పిల్లలకన్నా లావుగా. అప్పటి నుంచి తాను మొదలుపెట్టింది. జంతికల డబ్బా అటక మీదికి ఎక్కించింది. దుర్గ ఎనిమిదేళ్ళప్పుడు అనంతసాగరంలో పెళ్ళికి పోతే, వడ్డించే ఆయన ఇంకో బూరె వెయ్యమంటావా పాపా అని అడిగితే, ఊ అని తల ఊపింది పిల్ల, తాను కింద నుంచి తొడ మీద గిల్లింది. పిల్ల ఏడవలేదు. వద్దు అంది. ఆ వద్దులో తన చాలత్తా వినపడలేదా తనకు? వినపడి ఉంటే చెయ్యి ఆగేది. ఎవరొచ్చినా అంగడి మెట్ల మీద నిలబడి, దీని తిండి ఎవరి పోలికో తల్లీ, మా పుట్టింట్లో అందరం సన్నమే అనేది. మొగుడి వైపు వేలు చూపించకుండానే చూపించేది. పెళ్ళిచూపుల రోజు ముందే చెప్పింది, స్వీటు ముట్టుకోబాక అని. పెళ్ళికొడుకు ప్రసన్నకుమార్ తన ప్లేటులోది సగం విరిచి దుర్గ ముందు పెట్టాడు, మీరూ తీసుకోండి అని. దుర్గ తల్లి వైపు చూసింది. పెద్ద పిల్ల, ఎమ్మెస్సీ చదివిన పిల్ల, మైసూర్‌పాకు ముక్క తినడానికి తల్లి కళ్ళలోకి చూసింది.

బయట ఉదయగిరి బస్సు కండక్టరు అరుస్తున్నాడు. ఎదుటి ముసలమ్మ లేచి వెళ్ళిపోయింది. రక్తం తీసే అమ్మాయి వచ్చి దుర్గను లోపలికి పిలిచి, కాసేపటికి మోచేతికి దూది నొక్కి పంపింది. "ఇంక తినొచ్చక్కా," అంది. దుర్గ బాక్సు తీసుకుంది. తీసుకుని బెంచీ చివరికి జరిగింది, జరిగి గోడ వైపుకు తిరిగింది, తల్లికి వీపు పెట్టి, బాక్సు ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చెయ్యి దాని ముందు గోడలా అడ్డం పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. గబగబా తింటోంది. నమిలే చప్పుడు వినపడకుండా పెదాలు బిగించి తింటోంది. చీర కుచ్చిళ్ళలో ఒక్క మడత తేడా వచ్చినా పది గజాల దూరం నుంచి పట్టేసే రేణుకాదేవికి, తన కూతురు ఇట్లా తింటుందని ఈ రోజే కనపడింది. ఎప్పటి నుంచి? ఇంట్లో వంటింటి మూల పీట వేసుకుని తలుపు వైపు వీపు పెట్టి కూర్చునేది, గాలి తగలడం లేదనేది. గాలి కాదు. తన చూపు.

"ఎందుకట్టా తిరిగినావు?" అంది, గొంతు వీలైనంత మెత్తగా పెట్టి.

దుర్గ ఉలిక్కిపడి మూత వేసేసింది. మూడో ఇడ్లీ సగం లోపలే ఉండిపోయింది. "ఏం లేదుమ్మా. ఇంక చాలు."

"తినుమే. నేనేం అనలేదుగదా."

"నువ్వేం అనలేదులే." దుర్గ కొంచెం సేపు ఆగి, చేతి మీది దూదిని చూస్తూ అంది. "ఇక్కడికొచ్చినాక ఆకలి ఎక్కువైందిమ్మా నాకు. అక్కడ ఇంత ఉండదు. ఎందుకో తెలీదు. నిద్రలో కూడా తిండే."

కాగితం వచ్చింది. డాక్టరమ్మ మళ్ళీ పిలిచింది. షుగర్ ఉంది, అయితే మందులు ఇప్పుడే వద్దు, కంగారు లేదు, కొంచెం కొంచెంగా పలుమార్లు తినాలి, తీపి మానేయాలి, అన్నం తగ్గించి పప్పు, కూర ఎక్కువ పెట్టుకోవాలి అని చెప్పింది. "ఒక్క పూట కూడా పస్తుండకూడదు. షుగర్ అనగానే ఇంట్లోవాళ్ళు తిండి మానిపిస్తారు, అది లోపలి బిడ్డకు మంచిది కాదు. భయపడుతూ, దాక్కుంటూ తినడం కూడా వద్దు. ఈ మూడు నెలలూ ఎక్కడ ఎట్లా ఉంటారన్నది ముఖ్యం. మీరుంటారుగా అమ్మా, చూసుకుంటారుగా?" అని రేణుకాదేవి వైపు తిరిగింది. ఇప్పుడు చెప్పవచ్చు. బరువు గడి ఆ కాగితం మీదే ఉంది, అందులో మూడు అనే అంకె తనను చూస్తూనే ఉంది. రేణుకాదేవి తల ఊపింది. చూసుకుంటానని ఊపింది.  బయటికొచ్చి ఆటో ఎక్కాక, గుంటల్లో దుర్గ పొట్టకు దెబ్బ తగలకుండా తన మోచెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది దారంతా. అడ్డం పెట్టాల్సింది గుంటలకు కాదు, తన నోటికని తెలిసి కూడా.

అంగడి మూసి దుర్గ నాన్న చంద్రమోహన్ భోజనానికి వచ్చేసరికి, అల్లుడు ప్రసన్నకుమార్ జలదంకి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. అందరికీ కంచాలు పెట్టింది రేణుకాదేవి. పప్పు, వంకాయ కూర, చారు, మజ్జిగ. దుర్గ అలవాటుగా మూలకు పీట వేసుకోబోతే, "ఇక్కడ కూర్చో, మీ ఆయన పక్కన," అంది. దుర్గ వింతగా చూసి కూర్చుంది.

"షుగరంట గదా," అంది పద్మావతమ్మ అన్నం కలుపుతూ. "ఏముంది, రాత్రి పూట మానిపిస్తే సరి. తిండి తగ్గితే షుగరూ దిగతాది, బిడ్డా చిన్నగా ఉంటాది, కాన్పూ సుళువు. వీళ్ళమ్మ నోరు కట్టుకోలా?"

"అవ్వ చెప్పేది విను దుర్గా," అన్నాడు చంద్రమోహన్. "మొదట్నించీ నీది తిండి మీద యావే. ఇప్పుడన్నా కొంచెం..."

దుర్గ ముద్ద సగంలో ఆపింది. కంచాన్ని కొంచెం దగ్గరికి లాక్కుని ఎడమ చెయ్యి దాని ముందుకు తెచ్చింది.

రేణుకాదేవి గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఇది పుట్టినప్పుడు మూడు కిలోలు లేదు," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. ప్రసన్నకుమార్ భార్య వైపు చూశాడు.

"డాక్టరమ్మ అడిగితే మూడు కిలోలని చెప్పినాను పొద్దున. అబద్ధం. కిలోముప్పావు."

"ఇప్పుడెందుకే అదంతా?" అన్నాడు చంద్రమోహన్.

"ఇప్పుడే కావాల. కడుపులో బిడ్డకు తిండి చాలకపోతే ఆ ఆకలి దాని ఒంట్లో ఉండిపోతాదంట. షుగరూ రావొచ్చంట. నేను మూడు కిలోలనేసరికి, అయితే మీ అమ్మాయి తిండి అలవాట్లే అనింది డాక్టరమ్మ. ఇది తల దించుకునింది. నేను పక్కనే కూర్చుని చూస్తా ఉండా."

"మేమేమన్నా నీకు పెట్టలేదంటావా ఏందిమే?" పద్మావతమ్మ గొంతు లేచింది.

"మీరు పెట్టినారత్తా. రెండోసారి కూడా పెట్టబోయినారు. నేనే తినలా. కాన్పు భయం కొంచెం. మిగతాదంతా మీరు నన్ను మెచ్చుకోవాలని. పిట్ట తిన్నట్టు తింటాదని నలుగురికీ చెప్తారని. ఆ ఆకలి దీని ఒంట్లో పెట్టింది నేను. పెట్టి, తిండిపోతని దీన్నే తిట్టింది కూడా నేనే."

 దుర్గ ఏడవలేదు. "కిలోముప్పావా," అంది, తనకు తను చెప్పుకున్నట్టు. తర్వాత తలెత్తి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "మరి నీకు తెలిసి కూడా అట్టా ఎందుకన్నావుమ్మా?"

ఆ జవాబు కోసమే రేణుకాదేవి పొద్దుటి నుంచీ వెతుకుతోంది, దొరకలేదు. దొరికినట్టు నటించడం ఇంకో అబద్ధం అవుతుంది. చారు గిన్నె మూత సరిచేసి, లేచి నిలబడింది.

"సాయంత్రం పోయి డాక్టరమ్మకు నిజం చెప్పొస్తా. రేపు పొద్దున దుర్గ జలదంకి పోతాది. కాన్పు అక్కడే. పక్కనే కావలి ఉండాది, ఆసుపత్రులకు కొదవ లేదు."

"తల్లి బతికుండగా మొదటి కాన్పు అత్తగారింట్లోనా?" పద్మావతమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఊరు ఏమంటాది? పెట్టలేక పంపించినారనదా?"

"ఏమన్నా నన్నంటాదత్తా. అననీ. ఇది నాకు వీపు పెట్టి, గోడకు తిరిగి తింటా ఉండాది. అట్టా తినే ఇంట్లో దీన్ని మూడు నెలలు ఉంచను. లోపల ఇంకొకడు ఉండాడు, వాడు కూడా వింటా ఉంటాడు."

"మా అమ్మ రోజూ అడగతానే ఉండాదత్తా, దుర్గ ఎప్పుడొస్తాదని," అన్నాడు ప్రసన్నకుమార్ మెల్లగా. 

చంద్రమోహన్ తల వంచుకుని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

"నువ్వు రావా?" అంది దుర్గ.

"నువ్వు పిలిస్తే వస్తా," అంది రేణుకాదేవి. "పిలవకపోతే రాను. పుట్టినాక బరువెంతో కబురు చేస్తే చాలు."